దొర వేషం

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్ళాం. కనుమ రోజు భోజనాలయ్యాక పిల్లలు ఫోన్లు ముందేసుకుని క్రికెట్ క్విజ్ మొదలుపెట్టారు. అన్నయ్య కొడుకు ఒక ప్రశ్న వేశాడు: "ఆడింది ఒకే ఒక్క టెస్టు. అందులోనే ఇంగ్లండ్‌కి కెప్టెన్. తర్వాత హాలీవుడ్ యాక్టర్ అయ్యాడు. ఎవరు?" ఎవరికీ రాలేదు. నాకు తెలుసు కాబట్టి కాసేపు బెట్టు చేసి చెప్పాను: సి. ఆబ్రీ స్మిత్. పేరు చెప్పినా ఎవరి మొహంలోనూ వెలుగు రాలేదు. సరే అని ఫోన్లో 1939 నాటి 'ద ఫోర్ ఫెదర్స్' వెతికి ఆయన కనిపించే సీను పెట్టాను. తెల్లటి మీసాలు, చూరులా కళ్ళమీదికి దిగిన కనుబొమలు, ముక్కు కింద నుంచి గదంతా మోగే గొంతు. రిటైరైన ఇంగ్లీషు జనరల్.

పడక్కుర్చీలో ఉన్న పెదనాన్న కూడా కళ్ళజోడు సవరించుకుని చూశారు. రెండు నిమిషాలు చూసి, "ఇందులో నటనేముందిరా? ఆయన దొర. దొరలా ఉన్నాడు. అంతే" అన్నారు. పిల్లలు నవ్వారు. క్విజ్ తర్వాతి ప్రశ్నకి పోయింది.

నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. మామూలుగా అయితే గుచ్చుకోదు. కానీ అన్నది పెదనాన్న. ఆయన మా చుట్టుపక్కల ఊళ్ళ పద్యనాటకాల్లో ముప్ఫై ఏళ్ళపాటు ఒకే వేషం కట్టిన మనిషి. హరిశ్చంద్రలో నక్షత్రకుడు. బజారులో నడుస్తుంటే "నక్షత్రకుడొస్తున్నాడు, బాకీలుంటే దాక్కోండి" అనేవాళ్ళు. "ఆయనకి మేకప్ కూడా అక్కర్లేదండీ, మనిషే అంత" అని ఆయన ఎదురుగానే అనేవాళ్ళు, మెచ్చుకుంటున్నామనుకుని. ఆ మాట ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఇంకో నటుణ్ణి అదే మాట ఎలా అనగలిగారు?

అక్కడ జవాబు తోచలేదు. తిరుగు రైల్లో తోచింది, ఎప్పటిలాగే. ఆ తర్వాత నెలరోజులు దొరికిన పాత సినిమాలన్నీ చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు నా వాదన ఇది: ఆబ్రీ స్మిత్ ఇంగ్లీషు దొరలా "ఉండలేదు". సినిమాలో ఇంగ్లీషు దొర అంటే మన బుర్రలో మెదిలే బొమ్మని కాలిఫోర్నియాలో కూర్చుని తయారుచేసినవాళ్ళలో ఆయనొకడు. తయారుచేసిన బొమ్మ మరీ బాగా కుదిరేసరికి తయారుచేసిన చెయ్యి మనకు కనపడటం మానేసింది.

గెలిచిన కెప్టెన్, మునిగిన బ్రోకరు

ఆ బొమ్మని పక్కనబెట్టి మనిషి జీవితం చూస్తే కర్నలూ లేడు, జనరలూ లేడు. 1863లో లండన్‌లో పుట్టిన డాక్టరుగారబ్బాయి. కేంబ్రిడ్జిలో చదివాడు, ససెక్స్ కౌంటీకి ఆడాడు. ఫాస్ట్ బౌలరు. ఆయన రనప్ ఓ వింత: ఒక్కోసారి మిడాఫ్ దగ్గర్నుంచి వంకరగా పరిగెత్తుకొచ్చేవాడు, ఒక్కోసారి అంపైరు వెనకనుంచి ఊడిపడేవాడు. అందుకే 'రౌండ్ ద కార్నర్ స్మిత్' అని పేరు. బ్యాట్స్‌మన్‌కి చివరి క్షణం దాకా మనిషి ఎటునుంచి వస్తాడో తెలియదన్నమాట. రంగప్రవేశం సంగతి నాటకాలకంటే ముందే తెలిసినవాడని నా కుళ్ళు జోకు.

1889 మార్చిలో దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్‌లో ఆడిన మ్యాచే ఆ ఒక్క టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లో 19 పరుగులకు 5 వికెట్లు తీశాడు. మ్యాచ్ రెండు రోజుల్లో అయిపోయింది, ఇంగ్లండ్ ఎనిమిది వికెట్ల తేడాతో గెలిచింది. ఇందులో ఒక తమాషా ఉంది. ఆడుతున్నప్పుడు అది టెస్టని ఎవరూ అనుకోలేదు. ఆ హోదా తర్వాతెప్పుడో ఇచ్చారు. అంటే "ఇంగ్లండ్ కెప్టెన్" అనేది కూడా ఆయనకి వెనక్కి తిరిగి తగిలించిన వేషమే. జ్వరం వచ్చి రెండో మ్యాచ్ ఆడలేకపోతే మాంటీ బౌడెన్ అనే ఇరవైమూడేళ్ళ కుర్రాడు కెప్టెన్సీ చేశాడు. ఇప్పటికీ ఇంగ్లండ్ టెస్టు కెప్టెన్లలో అతనే పిన్నవాడు.

జట్టు ఇంటికి పోయింది. వీళ్ళిద్దరూ ఉండిపోయారు. బంగారు గనుల వేడిలో ఉన్న జొహానెస్‌బర్గ్‌లో షేర్ల బ్రోకర్లుగా కొట్టు తెరిచి మునిగారు. మధ్యలో స్మిత్‌కి నిమోనియా వచ్చి, పోయాడని అక్కడి పేపర్లో వార్త కూడా పడింది. బౌడెన్ పాపం నిజంగానే 1892లో ఆ ఖండంలోనే పోయాడు. స్మిత్ ఖాళీ చేతులతో ఇల్లు చేరి, ముప్ఫై దాటాక స్టేజీ ఎక్కాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తెరమీద చూసే ఆ తొణకని, బెణకని, డబ్బు గురించి ఎన్నడూ ఆలోచించినట్టు కనపడని పెద్దమనిషి అసలు జీవితంలో షేర్లలో చేతులు కాల్చుకుని, బతకడానికి మొహానికి రంగు వేసుకున్నవాడు. ఆ నిబ్బరం పుట్టుకతో వచ్చిందని ఎలా అంటాం?

అరవై ఏడేళ్ళకి దొరికిన గొంతు

1896లో లండన్ స్టేజీమీద 'ప్రిజనర్ ఆఫ్ జెండా' ఆడినప్పుడు ఆయన అందులో విలన్, బ్లాక్ మైఖేల్. 1937లో అదే కథని హాలీవుడ్ తీసినప్పుడు ముసలి విశ్వాసపాత్రుడు కర్నల్ జాప్ట్. మధ్యలో నలభై ఒక్క ఏళ్ళు. మొదటి మూకీ 1915లో, యాభై దాటాక. 1920లో లెస్లీ హోవర్డ్, ఏడ్రియన్ బ్రునెల్‌లతో కలిసి మినర్వా ఫిల్మ్స్ అని సొంత కంపెనీలో చిన్న చిన్న హాస్యచిత్రాలు తీశాడు. కథలు రాసింది ఎ. ఎ. మిల్న్. అది నిలబడలేదు.

మూకీల రోజుల్లో ఆయన ఒక పొడుగాటి పెద్దమనిషి, అంతకుమించి ఏమీ కాదు. అసలు మలుపు శబ్దం వచ్చాక. బ్రాడ్వేలో తను ఆడిన 'ద బ్యాచిలర్ ఫాదర్' నాటకాన్ని ఎమ్‌జీఎమ్ టాకీగా తీస్తూ అదే పాత్రకి ఆయన్ని పిలిచింది. ఆ సినిమా వచ్చిన 1931 మొదట్లో ఆయన వయసు 67. మనవాళ్ళు పెన్షన్ పుస్తకం పట్టుకుని రామాలయం అరుగు చేరే వయసు. అక్కడ మొదలైంది ఆయన అసలు కెరీర్. ఆ తర్వాత పద్ధెనిమిదేళ్ళు ఆగలేదు.

పెదనాన్నకి చూపించాల్సిన సాక్ష్యం ఇక్కడుంది. ఒక్క 1932నే తీసుకోండి (మనకి 'భక్త ప్రహ్లాద' వచ్చిన ఏడు). 'టార్జాన్'లో జేన్ తండ్రి. సరే, అది దొర వేషమే. 'లవ్ మీ టునైట్'లో ఫ్రెంచి డ్యూకు. పొద్దున్నే నిద్రబట్టల్లో ఊగుతూ 'మిమి' పాట అందుకుంటాడు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, ఆ మీసాలతో. నేను రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. 'ట్రబుల్ ఇన్ పారడైజ్'లో సెంటు కంపెనీ చైర్మన్. యజమానురాలి పక్కన పెద్దదిక్కులా నిలబడి లక్షలకి లక్షలు నొక్కేసిన దొంగ. దర్శకుడు లూబిచ్ వేసిన ఎత్తు ఇది: ఆ మొహాన్ని చూస్తే ఎవరికీ అనుమానం రాదు, కాబట్టి దొంగతనం ఆ మొహానికే అప్పగించాలి. స్మిత్ అందుకోసం ఒక్క వెంట్రుక కూడా మార్చలేదు. అవే కనుబొమలు, అదే గొంతు. పెద్దరికం కూడా వేషమేనని ఒప్పేసుకున్నట్టు ఆడాడు. "దొరలా ఉన్నవాడు" ఈ పని చెయ్యలేడు. దొర అంటే ఏ ముక్కలతో తయారవుతాడో తెలిసినవాడే చేస్తాడు.

ఇక మా ఇంట్లో పెట్టిన ఆ 'ఫోర్ ఫెదర్స్' సీను. జనరల్ బరోస్ భోజనాల బల్లమీద వాల్‌నట్లూ పళ్ళూ పేర్చి, వైన్‌తో ఎర్రగీత గీసి, క్రిమియా యుద్ధాన్ని మళ్ళీ నడిపిస్తాడు. ఇక్కడ రష్యా ఫిరంగులు, ఇక్కడ మన పదాతి, ఇక్కడ నేను. ఇంట్లో అందరూ వందసార్లు విన్న కథ. సినిమా చివర్లో కాబోయే అల్లుడు ఆ కథలో గాలి తీసేస్తాడు: దాడికి ఆజ్ఞ ఇచ్చిందేమీ లేదు, జనరల్‌గారి గుర్రం బెదిరి పరిగెత్తిందంతే. అప్పుడు స్మిత్ మొహం చూడాలి. అరక్షణం చిన్నపిల్లాడైపోతాడు. సామ్రాజ్యం పరాక్రమమంతా ఒక బెదిరిన గుర్రం అని నవ్వుకోవడానికి దారి తెరిచింది ఆ మొహమే. తను కట్టిన బొమ్మకి తనే సూది గుచ్చాడు.

జగిత్యాల మిత్రుడి అభ్యంతరం

ఈ వ్యాసం మొదటి చిత్తు చదివిన మిత్రుడొకడు, జగిత్యాల వైపువాడు, శీర్షిక దగ్గరే ఆగిపోయాడు. "మీకు దొర అంటే కాటన్ దొర, బ్రౌన్ దొర. గోదారి జిల్లాల్లో సంకల్పంలో కూడా కాటన్ పేరు చెప్పుకున్నారు. మాకు దొరంటే గడీ. మా తాత ఆ మాట అంటే చెప్పులు చేతిలో పట్టుకునేటోడు. నువ్వు దాన్ని ముద్దుగా రాసుకుంటున్నవ్" అన్నాడు.

నిజమే. తొందరగా దాటేయాల్సిన మాట కాదిది. స్మిత్ చేసిన ముసలి దొరలు ముద్దొస్తారు, అదే చిక్కు. 1935లో 'లైవ్స్ ఆఫ్ ఎ బెంగాల్ లాన్సర్'లో ఆయన మేజర్ హామిల్టన్. మన వాయవ్య సరిహద్దు కొండలని చూపించినవి చాలావరకు కాలిఫోర్నియా కొండలు. అదే ఏడు 'క్లైవ్ ఆఫ్ ఇండియా'లో బ్రిటన్ ప్రధానమంత్రి. ఆ క్లైవే 1765లో మొగలు పాదుషా చేత ఉత్తర సర్కారులకి ఫర్మానా రాయించుకున్నవాడు. అంటే తెనాలి కూర్చున్న మా గడ్డ కూడా ఆ కాగితం కింద జారిపోయిందే. 1937లో జాన్ ఫోర్డ్ 'వీ విల్లీ వింకీ'లో షర్లీ టెంపుల్‌కి తాతయ్య, సరిహద్దు కోటలో కర్నల్. ఆ పాప ముద్దు, ఆ తాత ముద్దు. కోట ఎవరి నేలమీద ఉందో అడగాలని ఎవరికీ గుర్తుకు రాదు.

ఇక్కడివాళ్ళు ఊరుకోలేదన్నది కూడా నిజం. 1938లో 'ద డ్రమ్' అనే సరిహద్దు సినిమాకి బొంబాయిలో జనం రోడ్డెక్కితే ప్రదర్శన ఆపేయాల్సి వచ్చింది. స్మిత్ అందులో లేడు. కానీ దాని దర్శకుడు జోల్టాన్ కోర్డా మరుసటేడు తీసిందే నేను పిల్లలకి మురిపెంగా చూపించిన 'ఫోర్ ఫెదర్స్'. అందులో సూడాన్ జనాన్ని ఎలా చూపించారన్నది నేను ఆ మధ్యాహ్నం ఫాస్ట్ ఫార్వర్డ్ చేసేశాను. ఒప్పుకుంటున్నాను.

బ్రిటిష్ ప్రభుత్వానికి ఈ బొమ్మ విలువ బాగానే తెలుసు. 1938లో సీబీఈ అనే గౌరవం ఇచ్చింది. 1944లో, యుద్ధం నడుస్తుండగా, సర్ బిరుదు ఇచ్చింది. అమెరికాలో బ్రిటన్ అంటే అభిమానం కలిగించాడని. ఒక నటుడు తెరమీద ఒక దేశంగా నిలబడి ఆ దేశానికి పనికొచ్చాడంటే అది ప్రచారం కాక మరేమిటని మిత్రుడు అడిగాడు.

ప్రచారమే. నేను కాదనను. కానీ ఈ మాటే పెదనాన్న మాటకి విరుగుడు. ఆయన దొర కాబట్టి దొరలా ఉన్నాడని సరిపెట్టుకుంటే ఆ మంచితనం, ఆ గాంభీర్యం నిజంగానే దొరల సొత్తైపోతుంది. అది కట్టిన వేషం, రోజూ పొద్దున్నే స్టూడియోకి వెళ్ళి చేసిన పని అని గుర్తుపట్టినప్పుడే కింద ఉన్న అట్ట కనపడుతుంది. కాబట్టి ఆయన్ని నటుడని అనడం ఆయనకి చేసే ఉపకారం ఒక్కటే కాదు, మనకి కూడా అవసరం.

మనవాళ్ళ సంగతి చూడండి. 1974లో 'అల్లూరి సీతారామరాజు'లో రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య నిలబడితే ఆయన దొర కాబట్టి అలా ఉన్నాడని ఎవరైనా అన్నారా? ఆ కంచుకంఠం మనది, ఆ తెలుగు మనది. అందువల్ల అది నటన అని చిన్నపిల్లాడికి కూడా తెలిసింది, అయినా ఆ దొరకి ఒక పరువు దక్కింది. 'ఆర్ఆర్ఆర్'కి వచ్చేసరికి గవర్నరుగా రే స్టీవెన్సన్‌ని తెచ్చుకున్నాం. మంచి నటుడు, 2023లో పోయాడు. ఆయన్ని చూసి మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన "అసలు దొరే కదా, సరిగ్గా సరిపోయాడు" అన్నాడు. చూశారా, పుట్టుకని బట్టి నటనకి మార్కులు కోసేయడం ఎంత తేలికో.

క్లబ్బులో కూడా వేషమేనా?

నా వాదనకి నాకే ఉన్న అనుమానం ఒకటుంది. స్మిత్ స్టూడియో బయట కూడా అలాగే బతికాడు. 1932లో హాలీవుడ్ క్రికెట్ క్లబ్బు పెట్టాడు. గ్రిఫిత్ పార్కులో పిచ్ కోసం ఇంగ్లండ్ నుంచి గడ్డి విత్తనాలు తెప్పించారు. బోరిస్ కార్లోఫ్, డేవిడ్ నివెన్, ఎర్రోల్ ఫ్లిన్ లాంటివాళ్ళు ఆడారు. ఊళ్ళోకి కొత్తగా ఏ ఇంగ్లీషు నటుడు దిగినా నెట్ ప్రాక్టీసుకి రమ్మని కబురు వెళ్ళేదట. బెవర్లీ హిల్స్‌లో ఇంటికి 'ద రౌండ్ కార్నర్' అని పేరు. ఇంటిమీద గాలి ఎటు వీస్తోందో చూపే గుర్తు కూడా స్టంపులూ బ్యాటూ బంతీనే. అందరూ చెప్పుకునే కథ ఒకటుంది: స్లిప్పులో క్యాచ్ వదిలేసి, ఆట ఆపించి, బట్లర్ చేత కళ్ళజోడు తెప్పించుకున్నాడట. ఇంకో క్యాచ్ కూడా జారింది. "వెధవ, చదువుకునే కళ్ళజోడు తెచ్చాడు" అన్నాడట.

మరి ఇప్పుడు? తెరమీదా అదే, మైదానంలో అదే అయితే పెదనాన్న గెలిచినట్టేనా? చాలారోజులు తేల్చుకోలేకపోయాను. కానీ ఆలోచించండి. సొంత ఊళ్ళో ఉన్నవాడికి గడ్డి విత్తనాలు తెప్పించుకోవాల్సిన పని లేదు. డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలు ఇక్కడున్నప్పుడు ఎన్నడూ పెట్టని బొమ్మలకొలువు అక్కడ తొమ్మిది మెట్లు కట్టి పెడుతుంది, ఏటా మమ్మల్ని వీడియో కాల్‌లో నిలబెట్టి మరీ చూపిస్తుంది. దాన్ని అబద్ధం అనను, సహజమని కూడా అనలేను. దూరదేశంలో మనం మనలాగా ఉండటం కూడా కొంత సాధన చేసి చేసేదే. స్మిత్ ఇంగ్లీషుతనం అలాంటిదేమో. ఇది పూర్తి జవాబు కాదు, నాకు దొరికినంతవరకు ఇంతే.

ఆయన చివరిదాకా పనిచేశాడు. 'రెబెక్కా'లో కర్నల్ జూలియన్ వేసేసరికి డెబ్బై ఆరు దాటాయి. 1948 డిసెంబర్ 20న, 85వ ఏట, బెవర్లీ హిల్స్‌లో పోయాడు. తొలిసారి పేపర్లో చంపేసిన ఆ నిమోనియాయే చివరికి తీసుకుపోయింది. 'లిటిల్ విమెన్' ఆ తర్వాత విడుదలైంది. ఆయన పోయేనాటికి మనకి స్వాతంత్ర్యం వచ్చి పదహారు నెలలు. ఆ దొరలు ఓడలెక్కి వెళ్ళిపోయారు, తెరమీది దొర మాత్రం ఇంకో సినిమాలో ముసలి పొరుగాయనగా నవ్వుతూ కనిపించాడు. అస్థికలు ఇంగ్లండ్‌లోని హోవ్‌లో, తల్లి సమాధిలో కలిపారు.

పెదనాన్నకి ఇదంతా ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విన్నారు. "సరే, నటుడే. అయితే ఆ పళ్ళు పేర్చే సీను ఇంకోసారి పంపు" అన్నారు. పంపాను. మర్నాడు ఆయనే ఫోన్ చేశారు. జనరల్ కథ చెబుతూ పండు పెట్టడానికి చెయ్యి చాచిన చోట మాట ఎంతసేపు పట్టి ఉంచాడో గమనించావా అని అడిగారు. నేను గమనించలేదు. "అదిరా. ఆ ఆగడం ఎన్ని నాటకాలాడితే వస్తుందనుకున్నావు?" అన్నారు. అక్కణ్ణుంచి తన నక్షత్రకుడి మీదికి వెళ్ళిపోయారు. కాశీ సీనులో ఎక్కడ ఆగేవారో, ఏ పద్యం ముందు దగ్గేవారో చెప్పారు. మధ్యలో పెద్దమ్మ వెనకనుంచి అందుకుంది: "ఆ, స్టేజీమీద హరిశ్చంద్రుణ్ణి పీక్కుతిన్నారు గానీ, నాటకాల కాంట్రాక్టరు ఎగ్గొట్టిన పద్ధెనిమిది వేలు ఒక్కసారైనా నోరు తెరిచి అడిగారా?"

పెదనాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అడగాలంటే మొహమాటంగా ఉంటుందే" అన్నారు.